ఇంట్లో ఒకరు ఫైలు పట్టాలి

ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ముందు కూర్చున్నా మొదట వచ్చే ప్రశ్నలు నాలుగే. ఎన్నాళ్ల నుంచి ఉంది? ఇప్పుడేం మందులు వాడుతున్నారు? ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా? పడని మందులున్నాయా? రెండో ప్రశ్నకే ఆయన ఆవిడ వైపు, ఆవిడ కొడుకు వైపు, కొడుకు ఫోను వైపు చూడడం మొదలవుతుంది. "ఆ తెల్ల మాత్ర డాక్టర్ గారూ, చిన్నది, పొద్దున్నే వేసుకుంటాడు" అని ఒక జవాబు వస్తుంది. చిన్న తెల్ల మాత్రలు మన మందుల షాపుల్లో ఎన్ని రకాలున్నాయో ఆ డాక్టరుకు తెలుసు కాబట్టి ఆయన కలం కింద పెట్టేస్తాడు.

అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి కదా, ఇక ఈ తంటా ఉండదనుకుంటాం. ఉంటుంది. ఒక రకంగా పెరిగింది కూడా. ఊళ్లో ఏఎన్‌ఎం చూసిన బీపీ ఆమె ట్యాబ్‌లో ఉంటుంది. టౌన్లో చేయించిన రక్త పరీక్ష ల్యాబ్‌ వాళ్లు పంపిన లింకులో ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో స్టెంటు వేసినప్పటి డిశ్చార్జ్‌ సమ్మరీ ఆ ఆసుపత్రి కంప్యూటర్లో ఉంటుంది. మోకాలి నొప్పికి ఆర్‌ఎంపీ వేసిన సూది సంగతి ఎక్కడా ఉండదు. ముక్కలు ఎన్ని చోట్ల పేరుకున్నా, వాటిని ఒకచోట చేర్చి చదివే మనిషి ఇంట్లో లేకపోతే మళ్లీ ఆ చిన్న తెల్ల మాత్ర దగ్గరే ఆగిపోతాం. పొలం పాసు పుస్తకం ఎవరి బీరువాలో ఉందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒంటి కాగితాలకూ అలాంటి బాధ్యుడు ఒకరుండాలి. ఈ అధ్యాయం ఆ బాధ్యుడు చేయాల్సిన పని గురించి.

ముందు, మారిందేమిటో కాస్త చూద్దాం. తెలుగు నేల మీద ఈ కథ చాలామంది అనుకునేదానికంటే పాతది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు ఉపగ్రహం సాయంతో టెలిమెడిసిన్ మొదలుపెట్టింది 2000లో. అది అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు. ఐదేళ్లకు, 2005 ఆగస్టు 15న, హైదరాబాదులో 108 మొదలైంది. అంతకుముందు అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఎవరింట్లో ట్రాక్టరు ఉందా, ఎవరి ఆటోలో డీజిలుందా అని వెతుక్కోవాల్సి వచ్చేది. ఫోనెత్తిన మనిషి ఎదురుగా ఉన్న తెర మీద దగ్గర్లోని బండి ఎక్కడుందో చూసి పంపడం ఎంత పెద్ద మార్పో ఆ రాత్రులు చూసినవాళ్లకే తెలుస్తుంది. దాన్ని ఎవరూ డిజిటల్ వైద్యం అనలేదు. "నూటెనిమిదికి కొట్టు" అన్నారు, అంతే. పేరు గుర్తుండక్కర్లేకుండా నంబరు గుర్తుంటే చాలనిపించేదే మంచి టెక్నాలజీ అని నా లెక్క.

తర్వాత కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 25న టెలిమెడిసిన్‌కు దేశంలో మొదటిసారి స్పష్టమైన నిబంధనలొచ్చాయి. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వ ఆన్‌లైన్ సంప్రదింపుల వేదిక ఈ-సంజీవని ఓపీ తెరిచారు. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో సంప్రదింపులు 10 కోట్లు దాటాయి, వాటిలో రాష్ట్రాలవారీగా మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఇందులో ఒక విషయం గమనించాలి. వీటిలో ఎక్కువ భాగం పేషెంటు తనింట్లో కూర్చుని సొంత ఫోన్లో చేసినవి కావు. ఊరి హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ అనే ఆరోగ్య కార్యకర్త కూర్చుని చేయించినవి. ముసలమ్మ కుర్చీలో కూర్చుంటుంది. ఆ అమ్మాయి బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగర్ చూస్తుంది, రెండూ కొట్టి ఎక్కిస్తుంది, అప్పుడు తెర మీద డాక్టరు కనిపిస్తాడు. డాక్టరడిగిన ప్రశ్న పెద్దావిడకు అర్థం కాకపోతే ఆమె భాషలోకి మార్చి మళ్లీ అడిగేదీ ఆ అమ్మాయే. "ఆయాసం వస్తుందా అంటున్నారు పెద్దమ్మా, మెట్లెక్కితే రొప్పొస్తుందా?" వీడియో పనిచేసేది ఈ వాక్యం వల్ల. మధ్యలో ఆ మనిషి లేని వీడియో కాల్ సగం వైద్యమే. ఇంటి నుంచి మీరు చేసే కాల్‌లో ఆ అమ్మాయి స్థానం ఫైలు పట్టిన మనిషిది.

ఇంకో రెండు మార్పులు చెప్పి ముందుకెళ్తాను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'స్టెమీ' పేరుతో ఒక ఏర్పాటుంది. గుండె నొప్పితో వచ్చిన మనిషికి చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు పంపిస్తారు. ఆయన చూసి సరేనంటే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే వేస్తారు. బయట కొంటే వేల రూపాయలయ్యే మందు అది, అక్కడ ఉచితం. మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఈ సదుపాయముందో ఆశా కార్యకర్తనడిగి ఇవాళే తెలుసుకోండి, నొప్పి వచ్చిన రోజు కాదు. తెలంగాణలోనైతే పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో రక్తమిస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లా ల్యాబ్‌కు వెళ్లి రిపోర్టు ఫోనుకొస్తుంది. ఏ ఫోనుకు? చీటీ రాయించుకున్నప్పుడు ఏ నంబరు చెప్పారో ఆ ఫోనుకు. తాత చెప్పిన నంబరు మూడేళ్ల కిందట ఆయన వాడి మానేసినదైతే ఆ రిపోర్టు ఎవరో ముక్కూముఖం తెలియనివాడి ఫోన్లో పడుతుంది.

ఎవరు పట్టాలి?

సాధారణంగా ఈ పని అడక్కుండానే కోడలి నెత్తిన పడుతుంది. అలా పడకూడదు. ఇది చదవగలిగిన, కాస్త ఓపికున్న, పెద్దవాళ్లు నోరు విప్పి మాట్లాడగలిగిన మనిషి పని. డిగ్రీ చదివే మనవరాలు కావచ్చు, పక్కింట్లో ఉండే తమ్ముడి కొడుకు కావచ్చు. డాలస్‌లో ఉన్న కొడుకే పట్టాలని పట్టుబట్టకండి. ఇక్కడ పగలు పదకొండింటికి ఓపీలో పేరు పిలిచేసరికి అక్కడ అర్ధరాత్రి. దూరాన ఉన్నవాళ్లకు వేరే పని ఉంది: వారానికోసారి ఫైలు చూసి లోటుపాట్లు పట్టుకోవడం, బిల్లులు కట్టడం, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసి పెట్టడం. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మీ దగ్గర షుగర్ కొలత వేరు. మీ మీటర్లో 7 అంటే మన లెక్కలో 126. మీ అంకెను 18తో గుణించాలి. ఇక్కడి రిపోర్టు చూసి అక్కడ గుండెలు బాదుకోకండి. అక్కడి అంకె ఇక్కడ చెప్పి అమ్మను కంగారు పెట్టకండి.

మందుల పట్టిక ముందు, మిగతావన్నీ తర్వాత

ఫైలు అనగానే చాలామంది పాత రిపోర్టుల కవరు ముందేసుకుంటారు. వద్దు. ముందు మందుల డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించండి. ఒక్కో రేకూ తీసి చూడండి. పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరును వదిలేసి, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాసుకోండి. ఎన్ని మిల్లీగ్రాములో రాయండి. ఎప్పుడు వేసుకుంటారు, తిండికి ముందా తర్వాతా, ఎవరు రాశారు, ఎప్పటినుంచి అన్నవీ అదే వరసలో చేర్చండి.

ఈ ఒక్క పనిలోనే మీకు బయటపడే సంగతులుంటాయి. గుండె డాక్టరు ఒక కంపెనీ టెల్మిసార్టాన్ రాస్తాడు, షుగర్ డాక్టరు ఇంకో కంపెనీది రాస్తాడు. రేకుల రంగులు వేరు, పేర్లు వేరు, మందు ఒకటే. పేషెంటు రెండూ మింగి, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటాడు. పేరు చివర ఉండే అక్షరాలనూ చూడండి. బీపీ మాత్ర పేరు పక్కన 'ఏఎమ్' అని ఉంటే అందులో సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసి ఉంటుంది, 'హెచ్' ఉంటే నీళ్లు పోయించే మందు కలిసి ఉంటుంది. షుగర్ మాత్ర పేరు చివర 'ఎమ్' ఉంటే చాలాసార్లు మెట్‌ఫార్మిన్. అదే మందు విడిగా కూడా వేసుకుంటున్నారేమో ఆ పట్టికలో వెంటనే తెలిసిపోతుంది. అలాంటిది కనిపిస్తే మీరే ఒకటి మాన్పించేయకండి. రెండు రేకుల ఫొటోలూ తీసి డాక్టరుకు పంపి అడగండి. ఆయన కావాలనే అలా రాసి ఉండవచ్చు.

చీటీ మీద లేని మందులనూ రాయాలి. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునేవి, గ్యాస్ మాత్ర, ఆర్‌ఎంపీ ఇచ్చేవి, ఎవరో చెప్పారని తాగే కషాయం, టీవీలో చూసి తెప్పించిన చూర్ణం. ఇవి మందుల్లో లెక్కకు రావని పెద్దవాళ్ల నమ్మకం. నొప్పి మాత్రలు ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. డాక్టరు ఎంత మంచివాడైనా తనకు చెప్పని మందును లెక్కలోకి తీసుకోలేడు. "ఏమేం వాడుతున్నావు?" అంటే చెప్పరు. "నొప్పి వస్తే ఏం వేసుకుంటావు?" అంటే చెబుతారు.

రేకుల గురించే ఇంకొక్క మాట. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడో క్యూఆర్ కోడో ముద్రించడం తప్పనిసరి. ఫోనుతో స్కాన్ చేస్తే మందు పేరు, తయారుచేసినవాళ్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ రావాలి. వచ్చినవి రేకు మీద అచ్చేసినవాటితో సరిపోయాయో లేదో చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.

కాగితాలను ఫోన్లోకి ఎక్కించడం

ముందుగా ఈసీజీ కాగితాలు. గళ్ల మీద గీతలు పడ్డ ఆ నున్నటి కాగితం చాలాచోట్ల వేడితో అచ్చయ్యే రకం. ఏడాది గడిస్తే గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉండాలని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది. తీసిన రోజే ఫొటో తీయండి.

ఫొటో తీసేటప్పుడు కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని ట్యూబ్‌లైటు కింద తీస్తే సగం మీద మీ తల నీడ ఉంటుంది. పగటిపూట కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేసి, మామూలు కెమెరాతో కాకుండా ఫోన్లోని స్కాన్ సదుపాయంతో తీయండి. అది అంచులు కత్తిరించి పీడీఎఫ్ చేస్తుంది. పేరు పెట్టేటప్పుడు సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు ఆ తర్వాత రాసి, చివర మనిషి పేరూ రిపోర్టు పేరూ రాయండి: "2025-03-14 అమ్మ కిడ్నీ పరీక్ష". అలా పెడితే ఎన్ని ఫైళ్లున్నా వాటంతటవే తేదీల వరసలో నిలబడతాయి. "స్కాన్ 0047" అని వదిలేసినదాన్ని ఎమర్జెన్సీ వార్డు బయట నిలబడి వెతకడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అంటారా? అక్కడ శుభోదయం పూలకూ పెళ్లిరోజు శుభాకాంక్షలకూ మధ్య క్రియాటినిన్ రిపోర్టు దొరకదు. దొరికినా ఫొటోగా పంపితే అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. ఫైళ్లు ఉండాల్సిన చోటు ఒక క్లౌడ్ ఫోల్డర్, దాన్ని ఇద్దరు తెరవగలగాలి. ఎంఆర్‌ఐ, సీటీ చేయించినప్పుడు ఇచ్చే సీడీని చదివే డ్రైవు ఇప్పుడు దాదాపు ఏ ల్యాప్‌టాప్‌లోనూ రావడం లేదు. లింకు ఇస్తే అది కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తుంది. కాబట్టి రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలను కూడా ఆ వారంలోనే దించుకుని పెట్టుకోండి. రెండో అభిప్రాయం కోసం వెళ్తే సర్జన్ అడిగేది ఆ బొమ్మలనే.

ఆసుపత్రి కాగితాలు పోయాయా? ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లపాటు డాక్టర్లు భద్రపరచాలని, పేషెంటు గానీ అధీకృత వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నోటితో అడిగితే "సార్ లేరు, సోమవారం రండి" అంటారు. తెల్లకాగితం మీద ఐపీ నంబరు, తేదీలు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ముద్ర పడ్డాక పని వేగం మారుతుంది.

ఆభా అంటే ఏమిటి, ఏది కాదు

2021 సెప్టెంబరు 27న కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలుపెట్టింది. అందులో ప్రతి మనిషికీ ఇచ్చే 14 అంకెల సంఖ్యే ఆభా. ఉచితం. ఆధార్‌తోనో డ్రైవింగ్ లైసెన్సుతోనో ఫోన్లోనే చేసుకోవచ్చు. దీని మీద ఊళ్లలో ఉన్నంత గందరగోళం ఇంకే కార్డు మీదా లేదు. ఆభా ఆరోగ్యశ్రీ కార్డు కాదు, దాంతో ఉచిత ఆపరేషన్ జరగదు. 70 ఏళ్లు దాటినవాళ్లకు 5 లక్షల రూపాయల దాకా చికిత్సకిచ్చే వయ వందన కార్డూ కాదు. ఆభా డబ్బు సంగతి చూసే కార్డు కాదు. వేర్వేరు చోట్ల ఉన్న మీ రికార్డులు ఒకే మనిషివని గుర్తుపట్టే సంఖ్య, అంతే. రికార్డులు ఒకే పెద్ద గోదాములో చేరిపోవు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. మీరు ఆభా యాప్‌లో అనుమతిస్తే ఇంకో డాక్టరు చూడగలడు. ఎన్నాళ్ల వరకు చూడవచ్చో మీరే గడువు పెట్టవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు.

ఇవాళ్టికి దీనివల్ల కంటికి కనిపించే లాభం పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ క్యూ. గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా వాటంతటవే వెళ్లి టోకెన్ వస్తుంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషికి ఒక క్యూ తప్పడం చిన్న సంగతి కాదు. అయితే మీ ఊరి క్లినిక్కు, మీరు వెళ్లే ల్యాబ్ ఈ వ్యవస్థలో చేరకపోతే మీ సంఖ్య ఉండీ ఆ యాప్ ఖాళీగానే ఉంటుంది. అందుకే ఆభా చేయించండి, ఫైలు మాత్రం మానకండి. చేయించే ముందు ఒక పని: ఆధార్‌కు ఏ ఫోను నంబరు జతచేసి ఉందో చూడండి. ఓటీపీ దానికే వెళ్తుంది. ఆ సిమ్ము పోయి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించాలి. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఈ సంగతి తెలిస్తే ఆ రోజంతా పోయినట్టే.

ఇంట్లో తీసే అంకెలు

బీపీ మెషీను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని సరిగ్గా వాడే ఇళ్లు అన్ని లేవు. బజారు నుంచి నడిచొచ్చి, చొక్కా మీదే పట్టీ కట్టి, మాట్లాడుతూ చూసిన బీపీ డాక్టరుకు పనికిరాదు. టీ, సిగరెట్ అయి అరగంట గడవాలి. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ ఒంటికే తగలాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయాలి. షుగర్ చూసేముందు చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మీటరు పండు తీపినీ కలిపి చూపిస్తుంది. అంకె పక్కన పరగడుపునా, తిన్నాక రెండు గంటలకా అన్నది రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆక్సిజన్ మీటరు పెట్టే వేలికి ముదురు రంగు గోళ్ల పాలిష్ ఉండకూడదు, చేతులు చల్లగా ఉండకూడదు.

రోజుకు ఆరుసార్లు చూడడం మాత్రం మానండి. డాక్టరు వారానికి మూడుసార్లు అంటే మూడుసార్లే. అంకె చూసి భయపడి, ఆ భయంతో పెరిగిన బీపీని మళ్లీ చూసి ఇంకా భయపడే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి ఇంట్లో మెషీనును బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా వైద్యమే.

డాక్టరుకు ఏం రాయాలి

"డాక్టర్ గారూ, అమ్మకి ఒంట్లో బాగోలేదు, కాళ్లు వాచాయి, ఏం చేయమంటారు?" ఈ మెసేజ్‌కు ఏ డాక్టరైనా ఇవ్వగలిగిన జవాబు "తీసుకురండి" ఒక్కటే. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి.

"అమ్మ, 64 ఏళ్లు, 61 కిలోలు. షుగర్ పదేళ్లుగా, బీపీ ఆరేళ్లుగా ఉన్నాయి. సల్ఫా మందు పడదు, 2016లో దద్దుర్లొచ్చాయి. మూడు రోజులుగా రెండు పాదాలూ వాస్తున్నాయి. సాయంత్రానికి ఎక్కువ, పొద్దునకు తగ్గుతోంది. నొప్పి లేదు. ఆయాసం లేదు, రాత్రి పడుకోగలుగుతోంది. మూత్రం మామూలుగానే ఉంది. పది రోజుల కిందట ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి పెంచారు. ఈ వారం బీపీలు 138/82, 134/80, 140/84. వాపు మోతాదు పెంచడం వల్లేనా? పరీక్ష ఏమైనా చేయించాలా, నేరుగా తీసుకురావాలా? మందుల పట్టిక, పాదాల ఫొటో జతచేశాను."

ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాయడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే, మోతాదు పెరిగితే వాపు అవకాశమూ పెరుగుతుంది. ఆ మెసేజ్‌లో మందు మారిన తేదీ ఉంది కాబట్టి డాక్టరు ఆలోచన ముందుగా అక్కడికి వెళ్తుంది. ఆయాసం లేదన్న మాట గుండె గురించి కొంత ధైర్యమిస్తుంది. ఉన్నవాటితో పాటు లేనివి కూడా రాయాలని ఎవరూ మనకు నేర్పరు. డాక్టరు సమయంలో సగం వాటిని అడగడానికే పోతుంది. వీడియో కాల్‌కు ముందు కూడా ఇదే రాసి పంపండి. కాల్‌లో వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెట్టండి, టీవీ కట్టేయండి, మందుల డబ్బా చేతికందేలా ఉంచండి.

ఫోన్లో చూసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద వేయాలి. నంబరు లేని చీటీ తీసుకోకండి. కొన్ని మందులను మొదటిసారి చూసినప్పుడు వీడియోలో అయితేనే రాయాలి, మాటల కాల్‌లో కుదరదు. మత్తు కలిగించే తరగతి మందులను ఇలా రాయకూడదు. కాబట్టి నిద్రమాత్ర రాయనన్నాడని డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి, ఆయన నిబంధన పాటిస్తున్నాడు. అడగ్గానే రాసిచ్చే డాక్టరు గురించే ఆలోచించాలి. మనసు బాగోలేనప్పుడు మాత్రం ఫోనే మొదటి మెట్టు కావచ్చు. 2022 నుంచి పనిచేస్తున్న టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

ఏఐని అడిగి రిపోర్టు అర్థం చేసుకోవడం ఇప్పుడు ఇంటింటా మొదలైంది. అడగండి, తప్పు లేదు. పేరూ ఫోను నంబరూ తీసేసి అడగండి. వచ్చిన జవాబును డాక్టరుకు వేయాల్సిన ప్రశ్నగా మార్చుకోండి. దాన్ని పట్టుకుని మందు ఆపడం, మోతాదు మార్చడం కుదరదు.

ఫోను పక్కన పెట్టాల్సిన వేళ

ఛాతీలో బరువు, చెమటలు. మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. పాము కాటు. గర్భిణికి రక్తస్రావం. పసిబిడ్డ పాలు తాగకుండా వాలిపోవడం. వీటిలో దేనికీ మెసేజ్ రాయకండి, వీడియో కాల్ కోసం ఆగకండి. 108. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే వేయాలి. ఆ లెక్క లక్షణం మొదలైన నిమిషం నుంచి మొదలవుతుంది, మీరు కొడుకుకు ఫోన్ చేసిన నిమిషం నుంచి కాదు. మనిషి చివరిసారి మామూలుగా ఎన్నింటికి ఉన్నాడో గడియారం చూసి కాగితం మీద రాయండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ఫోన్లో జరిగే మోసాల గురించి కూడా రెండు మాటలు. కార్డు అప్‌డేట్ చేయాలంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కకండి. గూగుల్లో కనిపించిన ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేస్తే అపాయింట్‌మెంటుకు పది రూపాయలు పంపమని లింకు ఇచ్చేవాళ్లుంటారు. నంబరును పాత బిల్లు మీద చూసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఒళ్లు ఆవిడది

ఫైలు చేతిలోకి రాగానే కొందరికి అధికారం వచ్చినట్టుంటుంది. డాక్టరు అమ్మనడిగితే కొడుకు జవాబిస్తాడు. "నీకేం తెలుసు, నేను చెప్తాను ఉండు" అంటాడు. ఆవిడ నోరు మూసుకుంటుంది. మూసుకున్న నోటి వెనక మూత్రం ఆగని ఇబ్బందో, కొడుకు ముందు చెప్పలేని ఇంకో బాధో ఉండి ఉంటుంది. కాల్ మొదట్లో వివరాలు మీరు చెప్పండి. తర్వాత ఫోను ఆవిడ చేతికిచ్చి గది బయటకు వెళ్లండి. చివర్లో లోపలికొచ్చి మందులు రాసుకోండి. ఏ రిపోర్టు ఎవరికి పంపవచ్చో కూడా ఆవిణ్నే అడగాలి. ఆవిడ గర్భసంచి స్కానింగు రిపోర్టు పదిహేడు మంది ఉన్న బంధువుల గ్రూపులో తిరగడం ఆవిడకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. నాన్నకు వచ్చిన జబ్బు పేరు ఊళ్లో ఎవరికీ తెలియకూడదని ఆయన అంటే, తెలియకూడదంతే. ఆయన ఆభా యాప్ తాళం ఆయనకు కూడా తెలియాలి.

ఫైలు పట్టిన మనిషి ఊళ్లో లేని రోజులూ ఉంటాయి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లూ ఉంటాయి. కాబట్టి ఒక్క కాగితం బీరువా తలుపు లోపలి వైపు అతికించి, 108 వాళ్లకు ఇవ్వాల్సింది అదేనని పక్కింటివాళ్లకు కూడా చెప్పి ఉంచండి. పేరు, వయసు, జబ్బులు, వాడే మందులు మోతాదులతో సహా, పడని మందులు, అయిన ఆపరేషన్లు, ఆభా సంఖ్య, చూసే డాక్టరు పేరు, ఇద్దరి ఫోను నంబర్లు. ఇవే వివరాలను ఫోన్ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ సమాచారం అనే చోట కూడా నింపండి, తాళం తీయకుండానే చదవగలుగుతారు. కాగితం మీద తేదీ వేయండి. మందు మారిన రోజునే పాత కాగితం చింపి కొత్తది అతికించండి.